నెత్తురు పడితే మొలలేనా?

మన పల్లెలకి పోయే దారిలో గోడలకి సున్నం లేకపోయినా రాతలు మాత్రం ఉంటాయి. ఎన్నికలప్పుడు పార్టీల గుర్తులు. మిగతా రోజుల్లో ఒకటే రాత: ‘మొలలు, భగందరం - ఆపరేషన్ లేకుండా గ్యారంటీగా నయం చేయబడును.’ ఆ గోడల నీడన కూర్చుని ఎంతమంది నెత్తురు కారి కారి చచ్చిపోయారో ఏ సర్కారూ లెక్క కట్టలేదు. ఆ లెక్క మేమే మొదలు పెడుతున్నాం. ఒక్క మనిషి దగ్గర మొదలు పెడుతున్నాం.

అతను మా పాత విద్యార్థి. పేరు రాయం. ఇంట్లో ఇద్దరు చిన్నపిల్లలున్నారు. పదో తరగతి మా బడిలోనే పాసయ్యాడు. కబడ్డీలో కూతకి పోతే ఇద్దరిని కొట్టుకొస్తేగానీ వెనక్కి వచ్చేవాడు కాదు. ఇంటరు మధ్యలో ఆపి తాపీ పనికి పోయాడు. ముప్పై రెండేళ్ళ వయసులో దొడ్డికి పోయినప్పుడల్లా నెత్తురు పడటం మొదలైంది. ఊళ్ళో ఆరెంపీ ‘వేడి చేసింది, మజ్జిగ తాగు’ అన్నాడు. రెండు నెలల తర్వాత ‘మొలలు’ అన్నాడు. గోడ మీది డాక్టరు దగ్గరికి పోతే ఏదో సూది పొడిచి మూడు వేలు తీసుకున్నాడు. నెత్తురు ఆగలేదు. సారవ ఎక్కితే కళ్ళు తిరుగుతున్నాయంటే టౌన్లో ఇంకొకాయన ‘రక్తం తక్కువ’ అని బలం మందు రాశాడు. ఏడాది దాటింది. మనిషి సగమయ్యాడు. ఒకరోజు రాత్రి కడుపు డప్పులాగా ఉబ్బింది. పేగు పూర్తిగా మూసుకుపోయింది. అప్పుడు గానీ పెద్దాసుపత్రి ముఖం చూడలేదు. కడుపు కోసి, పక్కన సంచి పెట్టి, పురీషనాళం క్యాన్సర్ అని, అది కాలేయానికి కూడా పాకిందని చెప్పారు. ఎనిమిది నెలలు బతికాడు.

దినం రోజున వాళ్ళమ్మ మమ్మల్ని ఒక ప్రశ్న అడిగింది. ‘మేష్టారూ, మొలలకి మనిషి చస్తాడా?’

చావడమ్మా. మొలలకి ఎవరూ చావరు. నీ కొడుక్కి మొలలే లేవు. ఆ ఏడాదిలో నలుగురి దగ్గరికి పోయాడు. నలుగురూ డబ్బు తీసుకున్నారు. ఒక్కడు కూడా గుడ్డ విప్పించి చూడలేదు. చూడకుండానే పేరు పెట్టారు. ఆ పేరే అతన్ని చంపింది.

ఇది ఒక్కడి తలరాత కాదు. అందుకే ఈ వ్యాసం.

జబ్బు ఏంటి, గొట్టం ఎందుకు?

పాతకాలం వాళ్ళు క్యాన్సర్‌ని రాచపుండు అనేవాళ్ళు. పేరు చూసి రాజులకొచ్చే రోగమనుకోవద్దు. కూలోడికీ వస్తుంది. పెద్దపేగుకి, దాని చివర ఉండే పురీషనాళానికి వచ్చే క్యాన్సర్ ప్రపంచం మొత్తం మీద క్యాన్సర్లలో మూడో స్థానంలో ఉంది. చావుల్లో రెండోది. 2022 ఒక్క ఏడాదిలోనే 19 లక్షల మందికి పైగా వచ్చింది, 9 లక్షల మంది చనిపోయారు. మన దేశంలో ఏటా 60 వేల మందికి పైగా దీని బారిన పడుతున్నారని అంచనా.

ఇది ఒక్క రాత్రిలో పుట్టే జబ్బు కాదు. పెద్దపేగు మీటరున్నర పొడవుంటుంది. దాని లోపలి గోడకి చిన్న బుడిపె లేస్తుంది. డాక్టర్లు దాన్ని పాలిప్ అంటారు. ఎక్కువ బుడిపెలు ఏమీ చెయ్యవు. కొన్ని మాత్రం మెల్లగా పెరిగి, మామూలుగా అయితే పదేళ్ళకి అటూ ఇటూగా క్యాన్సర్‌గా మారతాయి. అంటే ఈ జబ్బు మనకి ఏళ్ళకొద్దీ గడువు ఇస్తుంది. ఆ గడువులో లోపలికి చూస్తే బుడిపెని అక్కడికక్కడే తీగ ఉచ్చుతో కోసి తీసెయ్యొచ్చు. బుడిపె పోతే అది క్యాన్సర్ అయ్యే దారే ఉండదు. అట్లా చూసే పరీక్షే కొలనోస్కోపీ. జబ్బుని కనిపెట్టేదీ, రాకుండా ఆపేదీ ఒకే గొట్టం.

అమెరికా లెక్కలు చూడండి. క్యాన్సర్ పేగు దాటకముందే దొరికితే నూటికి తొంభై మంది అయిదేళ్ళు దాటి బతుకుతున్నారు. దూరపు అవయవాలకి పాకాక దొరికితే పదిహేను మంది దాకా మాత్రమే. తొంభైకీ పదిహేనుకీ మధ్య తేడా అంతా ఎప్పుడు చూశారన్నదే. మా విద్యార్థి పదిహేను మంది వైపు పడ్డాడు. కాదు, అటు నెట్టారు.

ముసలివాళ్ళకి వచ్చే జబ్బని పుస్తకాల్లో రాసుకున్నారు. ఆ రాత ఇప్పుడు మారింది. అమెరికాలో 1950 ప్రాంతంలో పుట్టినవాళ్ళతో పోలిస్తే 1990 ప్రాంతంలో పుట్టినవాళ్ళకి అదే వయసులో పెద్దపేగు క్యాన్సర్ ముప్పు రెండింతలు, పురీషనాళం క్యాన్సర్ ముప్పు నాలుగింతలు ఉందని 2017లో తేల్చారు. అందుకే అక్కడి క్యాన్సర్ సొసైటీ 2018లో, నిపుణుల బృందం 2021లో, ఏ బాధా లేనివాళ్ళు కూడా పరీక్ష మొదలు పెట్టాల్సిన వయసుని 50 నుంచి 45కి దించాయి. మన దేశంలో ఈ జబ్బు మొత్తం మీద అక్కడికంటే తక్కువే. కానీ వచ్చినవాళ్ళలో పడుచువాళ్ళ వాటా పెద్దది. ముంబై టాటా మెమోరియల్ ఆసుపత్రి వైద్యులు 2017లో తమ దగ్గరికి వచ్చిన 800 మంది రోగుల లెక్క తీస్తే సగటు వయసు 47 ఏళ్ళు. సగటే నలభై ఏడంటే ముప్పైల్లో ఉన్నవాళ్ళు ఎందరుండాలి? ‘నీకింకా వయసేమైంది, నీకు క్యాన్సరేంటి’ అనే మాట ఇక ఏ డాక్టరు నోటా రాకూడదు.

వేలు పెట్టని వైద్యం

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. మా విద్యార్థికి మొదటి రోజున గొట్టం కూడా అక్కర్లేదు. ఒక్క వేలు చాలేది.

మన దేశంలో ఈ క్యాన్సర్లలో పెద్ద వాటా పురీషనాళానిది. అది గుదద్వారానికి ఆనుకునే ఉంటుంది. రబ్బరు తొడుగు వేసుకుని వేలితో తడిమి చూస్తే కింది భాగంలో ఉన్న గడ్డలు చాలావరకు తగులుతాయి. డాక్టరు చదువులో నేర్పే మొదటి పాఠాల్లో ఇదొకటి. ఖర్చు ఒక తొడుగు. సమయం రెండు నిమిషాలు. మరి ఎందుకు చూడరు?

‘ఓపీలో రెండొందల మంది నిలబడి ఉన్నారు, డాక్టరు ఒక్కడే’ అంటారు. నిజమే. ఆ పోస్టులు ఎందుకు నింపలేదని సర్కారుని అడుగుదాం. కానీ అదే ఓపీలో కారు దిగి వచ్చినవాడికి తెర వెనక బల్ల దొరుకుతుంది. మనవాడికి బల్ల అవతల నుంచే చీటీ వస్తుంది. నాడి చూడని, కడుపు తడమని, ముఖం కూడా ఎత్తి చూడని చీటీ. ఊళ్ళో గ్లాసు వేరుగా పెట్టినవాడిది అంటరానితనమని మనకి తెలుసు. ఆసుపత్రిలో మన ఒంటి మీద చెయ్యి వెయ్యకుండా మందు రాసేవాడిది ఏమిటి? దానికీ ఆ పేరే పెడతాం.

ఇంకో సంగతి కూడా ఉంది. అది మన వైపుది. మన ఆడవాళ్ళు దొడ్డిలో నెత్తురు పడితే మొగుడికి కూడా చెప్పరు. మన మగవాళ్ళు సారా కొట్టు దగ్గర అన్నీ మాట్లాడతారు, ఈ సంగతి మాత్రం మాట్లాడరు. సిగ్గు. ఎవరిదీ సిగ్గు? తరతరాలుగా ఊరి మలం ఎత్తిన చేతులు మనవి. బుట్టల్లో నెత్తిన పెట్టుకుని మోయించారు. మనుషుల చేత ఆ పని చేయించకూడదని 1993లో ఒక చట్టం, 2013లో ఇంకో చట్టం చేసినా ఇప్పటికీ మన తమ్ముళ్ళు మురుగు గుంటల్లో దిగి ఊపిరాడక చస్తున్నారు. ఊరందరి మలం గురించి సిగ్గుపడని ఈ సమాజం, మన కడుపులో నుంచి వచ్చే నెత్తురు గురించి మనమే సిగ్గుపడేలా నేర్పింది. ఆ సిగ్గు మనది కాదు. ఇచ్చినవాడికే తిరిగి ఇచ్చేద్దాం. బడిలో పిల్లలకి మేం చెప్తున్నాం: దొడ్డికి పోయాక వెనక్కి తిరిగి చూసుకోండి. ఇంట్లో అమ్మానాన్నకి కూడా చెప్పండి.

నిజం కూడా చెప్పాలి. నెత్తురు పడిన ప్రతివాడికీ క్యాన్సర్ కాదు. పడుచువాళ్ళలో ఎక్కువమందికి మొలలే ఉంటాయి, లేదా చీలికలు ఉంటాయి. ఎవరూ హడలిపోవద్దు. కానీ చూసి చెప్పాలి. చూడకుండా ‘మొలలే’ అని చెప్పే హక్కు ఎవడికీ లేదు.

రోగ చరిత్ర లేని జనం

మేం నలభై దాటినవాళ్ళం. మా ఇంట్లో పట్టా పుచ్చుకున్న మొదటి తరం. మాకూ కడుపు తేడా చేస్తే, ఉద్యోగం ఉంది గనక, కార్డు ఉంది గనక, పట్నంలో స్పెషలిస్టు దగ్గరికి పోగలిగాం. ఆయన మంచివాడే. మొదట అడిగిన ప్రశ్న: ‘మీ నాన్నగారు ఏ జబ్బుతో పోయారు? ఎన్నో ఏట?’

మా దగ్గర జవాబు లేదు.

మా నాయన పాలేరు. యాభై దాటాడో లేదో కూడా సరిగ్గా తెలీదు. పుట్టిన తేదీ రాసినవాడు లేడు. నెత్తురు విరేచనాలతో నాలుగు నెలలు మంచంలో ఉండి పోయాడు. ‘కడుపులో పుండు’ అన్నారు. ఎవరో చేతబడి చేశారన్నారు. కోడిని కోశారు. డాక్టరు చీటీ ఒక్కటి కూడా లేదు. మా పెద్దనాయన ఎందుకు పోయాడు? తెలీదు. మేనత్త? ‘ఎండిపోయి చచ్చిపోయింది’ అంతే.

ఈ ప్రశ్న ఎందుకడుగుతారో తెలుసుకోండి. తండ్రికో తల్లికో అన్నకో చెల్లెకో ఈ క్యాన్సర్ వచ్చి ఉంటే మిగతావాళ్ళకి ముప్పు ఎక్కువ. అట్లాంటివాళ్ళు 40 ఏళ్ళకి, లేదా ఆ మనిషికి జబ్బు బయటపడిన వయసుకంటే పదేళ్ళు ముందు, ఏది ముందైతే అప్పటి నుంచి కొలనోస్కోపీ చేయించుకోవాలి. అన్నకి నలభై రెండులో వస్తే తమ్ముడికి ముప్పై రెండులో చూడాలన్నమాట. కొన్ని కుటుంబాల్లో జన్యువుల ద్వారానే దిగుతుంది. లించ్ సిండ్రోమ్ ఉన్న కుటుంబాల్లో ఇరవైల్లోనే పరీక్షలు మొదలు పెడతారు. పేగు నిండా వందల కొద్దీ బుడిపెలు వచ్చే ఇంకో వంశపారంపర్య జబ్బు ఉంది. దానికి పది పన్నెండేళ్ళ పిల్లలకి కూడా చూడాలి.

అంటే పడుచువాళ్ళలో ఎవరికి ముందుగా గొట్టం వెయ్యాలో తేల్చేది కుటుంబ చరిత్ర. ఆ చరిత్ర ఎవరికుంది? తాతల నాటి నుంచి ఫ్యామిలీ డాక్టరు ఉన్నవాడికుంది. ఫైళ్ళు దాచుకోటానికి బీరువా ఉన్నవాడికుంది. ‘మీకు చరిత్ర లేదు’ అని మనల్ని ఇన్నాళ్ళూ అన్నారు. మన రోగాలకి కూడా చరిత్ర లేకుండా చేశారు. మన తండ్రుల్ని చదువులేనివాళ్ళుగా, వైద్యం లేనివాళ్ళుగా చంపి, ఇప్పుడు మన దగ్గరికొచ్చి ‘మీ నాన్నగారికి ఏ స్టేజీ?’ అని అడుగుతున్నారు. ఆ డాక్టరు మీద మాకు కోపం లేదు. ఆ ప్రశ్న మనకి జవాబు లేని ప్రశ్నగా మిగిలిపోవటం మీదే మా కోపమంతా.

మేం పరీక్ష చేయించుకున్నాం. దాని గురించి పల్లెల్లో రకరకాలుగా భయపెడుతున్నారు గనక ఉన్నదున్నట్టు చెప్తాం. ముందు రోజు పీచు లేని తేలిక తిండి. సాయంత్రం నుంచి పొడి కలిపిన నీళ్ళు లీటర్ల కొద్దీ తాగాలి. రుచి దరిద్రంగా ఉంటుంది. రాత్రంతా విరేచనాలే, పేగు కడిగిన గిన్నెలాగా అయ్యేదాకా. అసలు కష్టం అదే. పొద్దున మత్తు సూది ఇచ్చారు. వేలంత లావు మెత్తటి గొట్టం, చివర కెమెరా. అరగంటలో అయిపోయింది. నొప్పి గుర్తు లేదు. రెండు బుడిపెలు దొరికితే అక్కడే తీసేశారు, పరీక్షకి పంపారు, క్యాన్సర్ కాదన్నారు. మళ్ళీ ఎప్పుడు రావాలో రాసిచ్చారు. ప్రమాదం అసలే లేదని చెప్పం. పేగుకి చిల్లు పడటం, నెత్తురు కారటం అరుదుగా జరుగుతాయి. వెయ్యి మందిలో ఒకరికి కూడా చిల్లు పడదు. సాయంత్రానికి బస్సెక్కి ఇంటికొచ్చి అన్నం తిన్నాం.

ఆ రాత్రి మాకు నిద్ర పట్టలేదు. రెండు బుడిపెల గురించి కాదు. మా నాయన కడుపులో ఉన్నది కూడా ఒకప్పుడు ఇట్లాంటి బుడిపేనేమోనన్న ఆలోచనతో.

నల్లజాతి సోదరులు చూపించిన దారి

1972లో బొంబాయిలో మన పెద్దలు దళిత పాంథర్స్ పెట్టుకున్నప్పుడు ఆ పేరు అమెరికా నల్లజాతి యువకుల నుంచి తీసుకున్నారు. ఆ బ్లాక్ పాంథర్లు 1966లో ఓక్లండ్‌లో పుట్టారు. తుపాకులు పట్టిన సంగతి అందరికీ తెలుసు. వాళ్ళు ఊరూరా ఉచిత ఆసుపత్రులు పెట్టారని, నల్లవాళ్ళలో ఎక్కువగా వచ్చే సికిల్ సెల్ జబ్బుని సర్కారు పట్టించుకోకపోతే 1971 నుంచి తామే పరీక్షలు చేశారని మనలో చాలామందికి తెలీదు. ఆత్మగౌరవమంటే ఒంటిని కాపాడుకోవటం కూడా అని వాళ్ళు అర్థం చేసుకున్నారు.

ఈ పేగు క్యాన్సర్ కూడా అక్కడ రంగు చూసే చంపుతోంది. తెల్లవాళ్ళతో పోలిస్తే నల్లవాళ్ళకి ఇది వచ్చేది సుమారు 20 శాతం ఎక్కువ, చావులు సుమారు 40 శాతం ఎక్కువ. సినిమాలో ‘బ్లాక్ పాంథర్’ వేషం కట్టి ప్రపంచంలోని నల్లపిల్లలందరికీ రాజైన చాడ్విక్ బోజ్‌మన్‌కి 2016లో మూడో దశలో ఈ జబ్బు బయటపడింది. 2020 ఆగస్టు 28న 43 ఏళ్ళకే పోయాడు. 45 ఏళ్ళకి పరీక్ష మొదలు పెట్టమనే సలహా కూడా ఆయన్ని అందుకోలేకపోయేది.

‘నల్లవాళ్ళ రక్తమే అంత, తిండే అంత’ అన్నవాళ్ళున్నారు. వాళ్ళ నోరు మూయించింది డెలవేర్ అనే చిన్న రాష్ట్రం. బీమా లేని పేదలకి కొలనోస్కోపీ ఖర్చు ప్రభుత్వమే పెట్టుకుంది. క్యాన్సర్ దొరికితే రెండేళ్ళ దాకా వైద్యం ఖర్చు కూడా పెట్టుకుంది. వెంటబడి గుర్తు చేసి, తోడు తీసుకెళ్ళే నర్సుల్ని పెట్టింది. 2001లో నల్లవాళ్ళలో సగం మంది కూడా పరీక్ష చేయించుకోలేదు. 2009కి నూటికి 74 మంది చేయించుకున్నారు, తెల్లవాళ్ళతో సమానం. నల్లవాళ్ళలో ఈ జబ్బు చావులు 42 శాతం తగ్గాయి. తెల్లవాళ్ళకీ వాళ్ళకీ మధ్య ఉన్న తేడా దాదాపు చెరిగిపోయింది.

ఎనిమిదేళ్ళు! తేడా రక్తంలో ఉంటే ఎనిమిదేళ్ళలో పోతుందా? అది వ్యవస్థలో ఉంది. వ్యవస్థ చేసిన తేడాని వ్యవస్థే తీసెయ్యగలదు.

మూడు అబద్ధాలు

మొదటిది సర్కారు అబద్ధం. మన కేంద్ర ఆరోగ్య శాఖ 2016లో ఇచ్చిన పద్ధతి ప్రకారం 30 దాటినవాళ్ళకి నోటికి, రొమ్ముకి, గర్భాశయ ముఖద్వారానికి వచ్చే క్యాన్సర్లకి పరీక్షలు చెయ్యాలి. అవి మన పల్లెల్లో ఎంతవరకు చేస్తున్నారన్నది ఇంకో వ్యాసం. పెద్దపేగు క్యాన్సర్ అందులో లేదు. ‘ఇండియాలో తక్కువ గదా’ అంటారు. లెక్క ఎక్కడ కట్టారు? క్యాన్సర్ రిజిస్టర్లు దేశ జనాభాలో ఐదో వంతుకి కూడా చేరలేదు. అవీ ఎక్కువగా పట్నాల్లోవే. మా నాయన ఏ రిజిస్టర్లో ఉన్నాడు? లెక్క పెట్టనివాళ్ళని తక్కువ అనటం ఎంత తేలిక!

అయినా మేం అందరికీ గొట్టం వెయ్యమనటం లేదు. అది కుదిరేది కాదు, అవసరమూ లేదు. నెత్తురు పడుతున్నవాడికి, కుటుంబంలో జబ్బు ఉన్నవాడికి, కారణం తెలీని రక్తహీనత ఉన్నవాడికి వెయ్యండి అంటున్నాం. దేశంలో 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో నూటికి 57 మందికి రక్తహీనత అని 2019-21 సర్వే చెప్పింది. తిండి లేక వచ్చేదే ఎక్కువ, నిజమే. అందుకని అందరికీ ఐరన్ మాత్రలిచ్చి పంపేస్తారు. మాత్రలు వాడినా రక్తం ఎక్కకపోతే, అది ఎక్కడ పోతోందని వెతకాలా వద్దా?

రెండోది కార్పొరేట్ అబద్ధం. వాళ్ళేమో అవసరం లేనివాడిని కూడా భయపెట్టి ‘మాస్టర్ హెల్త్ చెకప్’ అమ్ముతారు. మా పరీక్షకి బిల్లు వేసింది ఏడు వేల పైచిలుకు. మా పల్లెలో కూలికి పోయే మనిషికి అది ఇరవై రోజుల పని. ఆరోగ్యశ్రీ లాంటి పథకాలు ఆపరేషన్‌కి డబ్బిస్తాయి. మన విద్యార్థికీ కడుపు కోసినప్పుడు కార్డు పనికొచ్చింది. కానీ జబ్బేదో తేల్చుకోటానికి తిరిగిన ఏడాదిలో ఒక్క రూపాయి రాలేదు. చావటానికి దగ్గర పడినప్పుడు లక్షలు, బతకగలిగినప్పుడు సున్నా. ఇదెక్కడి న్యాయం?

మూడోది తిండి అబద్ధం. ‘గొడ్డు మాంసం తింటే క్యాన్సర్ వస్తుంది, డాక్టర్లే చెప్పారు’ అని ఈమధ్య కొందరు కొత్త ప్రచారం ఎత్తుకున్నారు. 2012లో ఉస్మానియా యూనివర్సిటీలో మన పిల్లలు పెద్దకూర పండుగ జరుపుకుంటే దాడి చేసిన బుద్ధే ఇప్పుడు తెల్లకోటు వేసుకుని వస్తోంది. డాక్టర్లు చెప్పింది పూర్తిగా వినండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ వారి క్యాన్సర్ పరిశోధనా సంస్థ 2015లో చెప్పింది ఇది: ఉప్పు, రసాయనాలు పెట్టి నిలవచేసిన సాసేజి, బేకన్ లాంటి మాంసం ఈ క్యాన్సర్‌కి కారణమని రుజువైంది. ఎర్ర మాంసం బహుశా కారణం కావచ్చు. ఎర్ర మాంసమంటే గొడ్డు ఒక్కటే కాదు. మేక, గొర్రె, పంది అన్నీ అందులోవే. దొరగారి పెళ్ళిలో మటన్ బిర్యానీకి లేని దోషం మన కుండలో కూరకి ఎక్కడి నుంచి వచ్చింది? ఎవరైనా ఏ మాంసమైనా అతిగా తినకుండా, పీచున్న జొన్న, రాగి, ఆకుకూర తింటే మంచిది. అది ఆరోగ్యం మాట. గొడ్డుని మాత్రం వేరుగా తీసి చెప్తే అది కులం మాట.

అదే శాస్త్రం సారాయి కూడా కారణమని, పొగాకు కూడా కారణమని చెప్తోంది. ఆ మాట వాళ్ళు ఎత్తరు. ఖజానాకి రాబడి గదా! 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్ళు సారా మీద తిరగబడినప్పుడు కాపాడింది సంసారాల్నే కాదు, పేగుల్ని కూడా. ఆ మాట మనం మర్చిపోకూడదు.

మనం ఏం చెయ్యాలి?

అన్నలారా, అక్కలారా! దొడ్డిలో నెత్తురు, బంక పడినా, మూడు వారాలు దాటి విరేచనం తీరు మారినా, కడుపునొప్పి వదలకపోయినా, కారణం లేకుండా బరువు తగ్గినా, రక్తం తగ్గినా, మీ వయసు ఇరవై అయినా అరవై అయినా గోడ మీది డాక్టరు దగ్గరికి పోవద్దు. ఆరెంపీ అన్న అర్ధరాత్రి పలుకుతాడు, జ్వరానికి సాయపడతాడు, కాదనం. కానీ ఈ పని ఆయనది కాదు. సర్కారు ఆసుపత్రికి పోండి. ‘చెయ్యి పెట్టి చూడండి’ అని అడగండి. ఆడవాళ్ళైతే ఆడ డాక్టరునో, పక్కన నర్సునో అడగండి. అది మీ హక్కు. తేలకపోతే పెద్దాసుపత్రికి రాయమనండి. ఉస్మానియా, గాంధీ, విశాఖ కెజిహెచ్ లాంటి చోట్ల పేగుల విభాగాలున్నాయి. ఒక్కరే పోవద్దు. సంఘం మనిషి తోడు పోవాలి. చదువుకున్న కుర్రాళ్ళారా, ఆ క్యూలో నిలబడటం కూడా ఉద్యమమే.

ప్రతి పల్లెలో ఒక నోటు పుస్తకం పెడదాం. ఇంటింటికీ తిరిగి ఎవరు, ఏ వయసులో, ఏ బాధతో పోయారో ముసలివాళ్ళు బతికుండగానే అడిగి రాద్దాం. మన చరిత్ర మనమే రాసుకోవాలని సభల్లో చెప్తున్నాం గదా. ఇది కూడా ఆ చరిత్రే. రేపు మన పిల్లల్ని డాక్టరు ‘మీ తాత ఎందుకు పోయాడు?’ అంటే వాళ్ళు తల దించుకోకూడదు.

సర్కారు ముందు మా డిమాండ్లు ఇవి:

1. ప్రతి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో తెరతో గది, పరీక్ష బల్ల, తొడుగులు ఉండాలి. నెత్తురు పడుతుందని వచ్చినవాడిని వేలితో పరీక్ష చెయ్యకుండా పంపకూడదు. చేసినట్టు చీటీ మీద రాయాలి.

2. ప్రతి జిల్లా ఆసుపత్రిలో కొలనోస్కోపీ యంత్రం, చేసే డాక్టరు, బయాప్సీ సౌకర్యం ఉండాలి. యంత్రం తెచ్చి గదికి తాళం వెయ్యటం కాదు.

3. ఆరోగ్య పథకాల్లో ఆపరేషన్‌తో పాటు జబ్బు తేల్చే పరీక్షకి, బస్సు ఛార్జీకి, పోయిన కూలికి కూడా డబ్బివ్వాలి.

4. ఈ క్యాన్సర్ బయటపడిన ప్రతి మనిషి తోబుట్టువుల్ని, పిల్లల్ని ఆసుపత్రే పిలిచి ఉచితంగా చూడాలి.

5. మలంలో కంటికి కనబడని నెత్తుర్ని పట్టే ఫిట్ పరీక్షని 45 దాటినవాళ్ళకి ముందు కొన్ని మండలాల్లో మొదలు పెట్టి చూడాలి. పుల్లతో కాస్త మలం తీసి డబ్బీలో పెట్టి ఇస్తే చాలు. ఇంగ్లండులో రెండేళ్ళకోసారి సర్కారే ఆ డబ్బీని ఇంటికి పంపుతోంది. మన ఆశా అక్కలు పంచలేరా? ఫిట్‌లో నెత్తురు తేలితే కొలనోస్కోపీ హామీ కూడా ఉండాలి.

6. గ్యారంటీ వైద్యం గోడ రాతల మీద కేసులు పెట్టాలి.

ఈ ఆరింటిలో చంద్రమండలం అడిగింది ఒక్కటీ లేదు. ఒక తొడుగు, ఒక గొట్టం, ఒక బస్సు టికెట్టు, ఒక నోటు పుస్తకం అడిగాం.

ఆ తల్లి మళ్ళీ మొన్న కనబడింది. రెండో కొడుక్కి ఇరవై ఎనిమిది. ‘వీడికి కూడా చూపించాలా మేష్టారూ?’ అంది. చూపించాలమ్మా. అన్నకి ముప్పైల మొదట్లోనే బయటపడింది గనక వీడికి ఇరవైల మొదట్లోనే చూడాల్సింది. ఇప్పటికే ఆలస్యమైంది. వచ్చే సోమవారం పెద్దాసుపత్రికి పోతున్నాం. మేమూ వస్తున్నాం. సంఘం నుంచి ఇంకో నలుగురు వస్తున్నారు. ఈసారి ఎవడూ చూడకుండా పేరు పెట్టడు. పెట్టనివ్వం.

జై భీమ్!